స్టిఫ్ షాఫ్ట్ సెట్ తెప్పించుకునే ముందు మీ సెవెన్ ఐరన్ ముఖం మీది గుర్తులు చూడండి

నమస్కారం. మహబూబ్‌నగర్ నుంచి మీరు అడిగిన విషయాన్ని ముందు క్లుప్తంగా చెప్పి తరువాత సమాధానంలోకి వెళ్తాను. మీకు 41 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. ఏడాదిన్నరగా ప్రతి ఆదివారం హైదరాబాద్ వెళ్లి గోల్ఫ్ నేర్చుకుంటున్నారు, స్నేహితుడు ఇచ్చిన పాత సెట్‌తో ఆడుతున్నారు. సెవెన్ ఐరన్‌తో, అంటే మధ్యరకం దూరాలకు వాడే లోహపు తల క్లబ్‌తో, బంతి బాగా తగిలినప్పుడు 130 గజాలు పోతోంది, కానీ ఎక్కువ బంతులు కుడివైపుకు వెళ్తున్నాయి. దసరాకు అమెరికా నుంచి వచ్చే మీ బావమరిది కొత్త సెట్ తెస్తానన్నారు. స్టిఫ్ షాఫ్ట్, అంటే తక్కువగా వంగే బిగువైన కడ్డీ ఉన్న సెట్, తీసుకుంటే బంతి సూటిగా పోతుందని మీతో ఆడేవాళ్లు చెప్పారు. అది నిజమేనా, ఏ కంపెనీ సెట్ తెమ్మని చెప్పాలి అన్నది మీ ప్రశ్న.

స్టిఫ్ షాఫ్ట్ మాటకు నా సమాధానం సూటిగా చెబుతాను: మీరు చెప్పిన వివరాలను బట్టి అది మీకు సరిపడదు, మీ కుడివైపు సమస్యను అది తగ్గించకపోగా పెంచే అవకాశం ఎక్కువ. కంపెనీ పేరు మాత్రం ఇప్పుడే చెప్పలేను. కళ్లు పరీక్షించకుండా అద్దాల నంబరు రాసిచ్చే పని అవుతుంది అది. మీ స్వింగ్‌ను నేను చూడలేదు గనుక, దానికి ఏ క్లబ్ తగినదో మీరే పరీక్షించి తెలుసుకునే పద్ధతిని వివరంగా రాస్తాను.

నేను నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి, నల్లగొండలో ఉంటాను. గోల్ఫ్ ఆడటం మొదలుపెట్టి 22 ఏళ్లయింది. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక బెంచ్ వైస్, లాఫ్ట్, లై అనే క్లబ్ తల కోణాలు కొలిచే గేజ్, గ్రిప్పులు మార్చే సామాను పెట్టుకుని తెలిసినవాళ్ల క్లబ్బులు సరిచేస్తుంటాను. మన ఊళ్లలో పారకు కామ వేయించుకునేటప్పుడు వడ్రంగి మనిషిని ఎదురుగా నిలబెట్టి, అతని ఎత్తు, వంగే తీరు చూసి కామ పొడవు కోస్తాడు. రోజంతా కాలువ గట్టు మీద పార పట్టేవాడికి ఆ అంగుళం తేడా నడుము నొప్పిగా తెలుస్తుంది. అదే మనిషి పాతిక వేలు, లక్ష పెట్టి గోల్ఫ్ సెట్ కొనేటప్పుడు మాత్రం తన పొడవు, తన బలం, తన స్వింగ్ ఏమిటో ఎవరికీ చూపించకుండా పెట్టె విప్పుకుంటాడు. నా దగ్గరికి సరిచేయమని వచ్చే క్లబ్బుల్లో ఎక్కువ భాగం అలా కొన్నవే.

పరీక్ష మీ చేతిలో ఉన్న పాత సెవెన్ ఐరన్‌తోనే మొదలుపెట్టండి. ఏ స్టేషనరీ దుకాణంలోనైనా దొరికే వైట్‌బోర్డ్ మార్కర్ ఒకటి కొనుక్కోండి. క్లబ్ ముఖాన్ని పొడిగుడ్డతో తుడిచి, ముఖమంతా ఆ మార్కర్‌తో పలుచగా రంగు పూయండి. బంతి కొట్టగానే అది తగిలినచోట రంగు లేచిపోయి, బంతి మీది చిన్న గుంటల అచ్చుతో గుండ్రటి గుర్తు కనబడుతుంది. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకుని, ముఖం తుడిచి, మళ్లీ రంగు పూసి ఇంకో బంతి కొట్టండి. ఇలా 20 బంతులు కొట్టాలి. పని నిదానంగా సాగుతుంది, పక్కనున్నవాళ్లు చూస్తారు, మధ్యలో విసుగు కూడా వస్తుంది. అయినా వదలకండి, ఎందుకంటే వేల రూపాయల యంత్రం చెప్పే విషయాల్లో సగం ఆ 20 ఫొటోల్లోనే ఉంటుంది.

గుర్తులు ముఖం మధ్యలో, కింది నుంచి నాలుగైదు గీతల ఎత్తులో, పది రూపాయల నాణెమంత వలయంలో సగానికి పైగా పడుతుంటే ఆ క్లబ్ పొడవు మీకు దాదాపు కుదిరినట్టే. గుర్తులన్నీ కలిసికట్టుగా ముఖం కొనవైపుకు జరిగి ఉంటే క్లబ్ మీకు పొట్టి అయి ఉండవచ్చు, లేదా మీరు బంతికి దూరంగా నిలబడుతూ ఉండవచ్చు. షాఫ్ట్ కలిసే మడమవైపుకు జరిగి ఉంటే క్లబ్ పొడుగు కావడమో, బంతికి మరీ దగ్గరగా నిలబడటమో కారణం. ఏది కారణమో తేల్చడానికి ఖర్చులేని పరీక్ష ఒకటుంది. గ్రిప్ చివర అర అంగుళం వదిలేసి కిందికి పట్టుకుని మరో పది బంతులు కొట్టి చూడండి. గుర్తులు మడమ నుంచి మధ్యకు వస్తే అర అంగుళం తక్కువ పొడవు మీకు నప్పుతుందని తెలుస్తుంది. గుర్తులు ఒకచోట గుమికూడకుండా ముఖమంతా చెదిరి ఉంటే మాత్రం అది క్లబ్ లోపమని తొందరపడకండి. స్వింగ్ ఇంకా కుదురుకోలేదని దాని అర్థం. ఆ స్థితిలో కొత్త సెట్‌కు పెట్టే డబ్బులో పదో వంతు కోచ్‌కు పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది.

అదే మార్కర్‌తో రెండో పరీక్ష కూడా చేయవచ్చు. ఈసారి క్లబ్ ముఖానికి బదులు బంతి మీద ఒక లావాటి నిలువు గీత గీసి, ఆ గీత సరిగ్గా క్లబ్ ముఖంవైపు నిటారుగా ఉండేలా బంతిని నేల మీద పెట్టి కొట్టండి. గీత ముఖం మీద అచ్చు పడుతుంది. ఆ అచ్చు ముఖం మీది అడ్డగీతలకు నిలువుగా ఉంటే క్లబ్ లై కోణం, అంటే క్లబ్ అడుగు నేలకు ఆనినప్పుడు షాఫ్ట్ నిలిచే వాలు, మీకు సరిపోయింది. అచ్చు పైభాగం కొనవైపు వాలితే, బంతి తగిలే క్షణంలో క్లబ్ కొన పైకి లేస్తోందని, లై మరీ నిటారుగా ఉందని అర్థం. కుడిచేతి ఆటగాడికి అలాంటి క్లబ్ బంతిని ఎడమకు పంపుతుంది. పైభాగం మడమవైపు వాలితే కొన కిందికి దిగుతోందని, లై మరీ పడుకుని ఉందని అర్థం, అప్పుడు బంతి కుడికి పోతుంది. లాఫ్ట్, అంటే ముఖం వెనక్కి వాలిన కోణం, ఎక్కువున్న క్లబ్‌లో ఈ లోపం ఎక్కువగా కనబడుతుంది, అందుకే అతి దూరం కొట్టే డ్రైవర్ కంటే దగ్గరి దెబ్బలకు వాడే వెడ్జ్‌లో దీని ప్రభావం పెద్దది.

ఈ పరీక్షను కొందరు క్లబ్ అడుగున టేపు అంటించి, ప్లైవుడ్ పలక మీద కొట్టి, టేపు ఎక్కడ చిరిగిందో చూసి చేస్తారు. నాకు గీత పరీక్ష మీదే నమ్మకం ఎక్కువ, ఎందుకంటే పలక మీద కొడుతున్నామన్న జంకుతో మనిషి తెలియకుండానే స్వింగ్ మార్చేస్తాడు. నిరుడు సూర్యాపేట నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి రెండేళ్లుగా బంతి కుడికే పోతోందని, పట్టు మార్చి, నిలబడే తీరు మార్చి విసిగిపోయి నా దగ్గరికి వచ్చారు. ఐదు బంతులకు ఐదు అచ్చులూ మడమవైపే వాలాయి. గేజ్ మీద పెడితే క్లబ్ లై ఆయన ఎత్తుకు కావలసినదానికంటే 3 డిగ్రీలు పడుకుని ఉంది. ఆయన 6 అడుగుల మనిషి, క్లబ్బులు ఎవరో పొట్టివారి కోసం వంచినవి. ఫోర్జ్ చేసిన మెత్తటి ఉక్కు తలలు గనుక వాటిని తిరిగి వంచడం కుదిరింది. పోత పోసిన గట్టి స్టెయిన్‌లెస్ తలలైతే అంత వంచితే విరిగే ప్రమాదం ఉంటుంది. ఈ పని ఎప్పుడైనా లై యంత్రం ఉన్నవాళ్ల దగ్గరే చేయించండి, సుత్తితో ఎవరినీ ముట్టనివ్వకండి.

ఇప్పుడు మీ విషయానికి వస్తాను. మీ ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. మామూలు లై ఉన్న క్లబ్ మీ ఎత్తువారికి కొంచెం నిటారుగానే పడాలి, అంటే బంతి ఎడమకు పోవడానికి అవకాశం ఉండాలి. అయినా మీ బంతి కుడికే పోతోందంటే నా అనుమానం లై మీద కంటే క్లబ్ ముఖం కుడివైపుకు తెరుచుకుని రావడం మీదికీ, ఆ పాత సెట్ షాఫ్ట్ బరువు, బిగువు మీదికీ పోతోంది. ఇక్కడ మీరు ఒక సంగతి గమనించి నాకు రాయాలి. బంతి మొదటి నుంచే కుడివైపుకు బయలుదేరి అలాగే సూటిగా పోతోందా, లేక ఎడమకు బయలుదేరి గాలిలో కుడికి వంగుతోందా? బంతి ఏ దిక్కుకు బయలుదేరుతుందో ఎక్కువగా నిర్ణయించేది తగిలే క్షణంలో క్లబ్ ముఖం చూసే దిక్కు. గాలిలో అది వంగడానికి కారణం ముఖానికీ, క్లబ్ కదిలే దారికీ మధ్య ఉన్న తేడా. ఎడమకు బయలుదేరి కుడికి వంగితే మీ స్వింగ్ బయటి నుంచి లోపలికి కోస్తోందని అర్థం, దాన్ని ఏ కంపెనీ క్లబ్బూ సరిచేయలేదు. కుడికి బయలుదేరి సూటిగా పోతుంటే షాఫ్ట్, లై, గ్రిప్ లావు ఈ మూడూ పరీక్షించదగినవి.

షాఫ్ట్ గురించి ఎక్కువ చెప్పక తప్పదు, ఎందుకంటే కొత్తగా కొనేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. షాఫ్ట్ మీద ఎల్, ఏ, ఆర్, ఎస్, ఎక్స్ అన్న అక్షరాలు ఉంటాయి. ఎల్ అన్నింటికంటే మెత్తనిది, ఎక్స్ అన్నింటికంటే బిగువైనది, ఆర్ అంటే రెగ్యులర్, ఎస్ అంటే స్టిఫ్. ఈ అక్షరాలకు కంపెనీలన్నీ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. ఒక కంపెనీ రెగ్యులర్ మరో కంపెనీ స్టిఫ్‌తో సమానంగా ఉండవచ్చు. స్థూలంగా డ్రైవర్ స్వింగ్ వేగం గంటకు 85 నుంచి 95 మైళ్లు ఉన్నవారికి రెగ్యులర్, 95 నుంచి 105 ఉన్నవారికి స్టిఫ్ అని చెబుతారు. సెవెన్ ఐరన్ 130 గజాలు పోయే మీ వేగం నా అంచనాలో ఆ మొదటి వరుసకు అటూ ఇటూ ఉంటుంది. అమెరికా పీజీఏ టూర్‌లో ఆడే వృత్తి ఆటగాళ్ల డ్రైవర్ వేగం సగటున 110 మైళ్లు దాటుతుంది. వాళ్ల చేతిలో చూసిన షాఫ్ట్ మన చేతికి ఎందుకు లొంగదో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

అక్షరం కంటే ముందు బరువు చూడమని నేను చెబుతాను. ఐరన్లలో స్టీల్ షాఫ్ట్ సుమారు 90 నుంచి 130 గ్రాముల వరకు, గ్రాఫైట్ షాఫ్ట్ సుమారు 50 నుంచి 90 గ్రాముల వరకు ఉంటుంది. నేను ఆట మొదలుపెట్టిన రెండో ఏట ఒక దుకాణంలో అమ్మే మనిషి నా ముంజేతులు చూసి 'మీ చేతులు బలమైనవి సార్, మీకు స్టిఫ్ తప్ప వేరేది చిన్నదైపోతుంది' అన్నాడు. ఆ మాటకు సంతోషపడి, ఒక్క బంతి కొట్టి చూడకుండా, దాదాపు 130 గ్రాముల స్టీల్ షాఫ్ట్, పలుచటి తలలు ఉన్న బ్లేడ్ సెట్ కొన్నాను. నా బంతి తక్కువ ఎత్తులో, కుడివైపుకు, రాయిని కొట్టినట్టు చేతుల్లో జలదరింపుతో పోయేది. తప్పు నా స్వింగ్‌దే అనుకుని ఇంకా గట్టిగా కొట్టాను. ఐదు నెలలకు ఎడమ మోచేయి బయటివైపు నొప్పి మొదలై, చివరికి కుళాయి తిప్పడానికి, సైట్‌లో టేపు పట్టుకోవడానికి కూడా కుడిచేయే వాడవలసి వచ్చింది. మూడు నెలలు ఆట మానేసి ఫిజియోథెరపీ చేయించుకున్నాక, ఒక స్నేహితుడి 95 గ్రాముల రెగ్యులర్ షాఫ్ట్ ఐరన్ పట్టుకుని కొడితే మొదటి బుట్టలోనే బంతి ఎత్తుగా లేచి, పది గజాలు ఎక్కువ పోయింది. ఆ సెట్‌ను సగం ధరకు అమ్ముకున్నాను. చేతుల బలానికీ, క్లబ్ తల వేగానికీ సంబంధం తక్కువని నాకు అలా తెలిసింది.

షాఫ్ట్ మరీ బరువైతే పన్నెండో, పదిహేనో బంతి నుంచి తేడా తెలుస్తుంది. మొదట మధ్యలో పడిన గుర్తులు కిందికి జారిపోతాయి, క్లబ్ బంతి వెనక నేలను తాకడం మొదలవుతుంది. మరీ తేలికైతే తల ఎక్కడుందో చేతికి తెలియదు, చేతులు తొందరపడి బంతి ఎడమకు చుట్టుకుపోతుంది. మరీ బిగువైతే బంతి కిందుగా, కుడికి పోతుంది. మరీ మెత్తనైతే అనవసరంగా పైకి లేచి, ఎడమకు తిరుగుతుంది. ఇవి తరచుగా కనబడే ధోరణులు మాత్రమే, ప్రతి మనిషికీ ఇలాగే జరగాలన్న నియమం లేదు. ఎందుకంటే ఒకే వేగం ఉన్న ఇద్దరిలో ఒకరు పైనుంచి కుదుపుతో లాగుతారు, ఇంకొకరు మెల్లగా మొదలుపెట్టి చివర్లో వేగం తెస్తారు. కుదుపుతో లాగేవారికి కాస్త బిగువు కావాలి. అందుకే పట్టిక చూసి కొనడం కంటే కొట్టి చూడటం మేలు.

కొట్టి చూసే రోజును ఎలా గడపాలో చెబుతాను. హైదరాబాద్‌లో ఫిట్టింగ్ చేసేచోటికి వెళ్లినా, స్నేహితుల క్లబ్బులతో రేంజ్ మీద, అంటే బంతులు కొట్టి ప్రాక్టీస్ చేసేచోట, మీరే చేసుకున్నా పద్ధతి ఒకటే. మూడు సెవెన్ ఐరన్లకు మించి పెట్టుకోకండి. వాటిలో ఒకటి మీరు ఇప్పుడు వాడుతున్నదే ఉండాలి, లేకపోతే దేనితో పోల్చాలో తెలియదు. ముందుగా పాత క్లబ్‌తో 20 బంతులు కొట్టి ఒళ్లు వేడెక్కనివ్వండి. ఆ తరువాత ఒక్కో క్లబ్‌తో ఐదేసి బంతుల చొప్పున వరుస మారుస్తూ తిరగండి. ఒకే క్లబ్‌తో ముందు ఇరవై, తరువాత రెండోదానితో ఇరవై కొడితే, మొదటి క్లబ్‌కు బిగుసుకున్న ఒళ్లు, చివరి క్లబ్‌కు అలసిన ఒళ్లు దొరుకుతాయి, ఆ తేడాను మనం క్లబ్ తేడా అనుకుంటాం. మొత్తం 80 బంతులు దాటగానే ఆపేయాలి. మన ప్రాంతపు ఎండలకు ఇది తెల్లవారి ఆరింటికి మొదలై ఎనిమిదిన్నరకు ముగియవలసిన పని. చేతులు చెమటపట్టి పట్టు బిగించడం మొదలుపెడితే ఆ తరువాతి ఫలితాలకు విలువ లేదు. ఒక రోజు ఫలితంతో కూడా కొనకండి. వారం తరువాత మళ్లీ వెళ్లి, గెలిచిన క్లబ్‌నూ పాతదాన్నీ మాత్రమే పోల్చండి.

ప్రతి బంతినీ రాసుకోవాలి, చెడ్డ బంతినీ రాసుకోవాలి. ఇక్కడే అందరూ తప్పు చేస్తారని నా అనుభవం. పది బంతుల్లో ఒకటి 155 గజాలు పోతే ఆ ఒక్కటి మనసులో నిలిచిపోతుంది, 110 గజాల దగ్గర పడిన మూడు బంతులు 'అవి సరిగా తగలలేదు' అన్న మాటతో లెక్కలోంచి జారిపోతాయి. మైదానంలో మీరు ఆడబోయేది ఆ పది బంతులతో, ఆ ఒక్క బంతితో కాదు. అందుకని నేను ప్రతి క్లబ్‌కు అతి దూరం పోయిన బంతికీ, అతి దగ్గర పడిన బంతికీ మధ్య ఎన్ని గజాలు, ఎడమ చివరికీ కుడి చివరికీ మధ్య ఎన్ని గజాలు అని రెండే అంకెలు లెక్కిస్తాను. 128 నుంచి 140 మధ్య పడే క్లబ్, 112 నుంచి 155 మధ్య పడే క్లబ్ కంటే మీకు ఎన్నో రెట్లు మేలు చేస్తుంది. ముందున్న నీటి గుంటను దాటాలంటే మీకు కావలసింది మామూలు బంతి ఎక్కడ పడుతుందన్న నమ్మకం.

యంత్రం దగ్గర పరీక్ష చేయించుకుంటే తెర మీద ఇరవై అంకెలు కనబడతాయి. వాటిలో మీరు చూడవలసినవి కొన్నే. బంతి వేగాన్ని క్లబ్ వేగంతో భాగిస్తే వచ్చే స్మాష్ ఫ్యాక్టర్ ఎంత శుభ్రంగా తగిలిందో చెబుతుంది. డ్రైవర్‌కు అది గరిష్ఠంగా 1.50 దరిదాపుల్లో, సెవెన్ ఐరన్‌కు 1.33 చుట్టుపక్కల ఉంటుంది. బంతి నేలకు దిగే కోణం సెవెన్ ఐరన్‌కు 45 డిగ్రీలకు దగ్గరగా ఉంటే గ్రీన్ మీద, అంటే గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీద, ఆగుతుంది. అంతకంటే బాగా తక్కువైతే మన వేసవి గ్రీన్ల మీద పడి ఆగకుండా ముందుకు దొర్లిపోతుంది. మిగతా అంకెలు ఫిట్టింగ్ చేసేవారికి ఉపయోగపడతాయి.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది చాప. లోపలి గదుల్లో, చాలా రేంజ్‌లలో బంతిని కృత్రిమ గడ్డి చాప మీద పెట్టి కొడతాం. బంతి వెనక రెండు అంగుళాల ముందే నేలను తాకినా, చాప మీద క్లబ్ జారి బంతి కిందికి వెళ్లిపోతుంది, బంతి బాగానే ఎగురుతుంది. అదే తప్పు నిజమైన నేల మీద జరిగితే క్లబ్ మట్టిలో దిగబడి బంతి నలభై గజాలు పోతుంది. చాప మీద అద్భుతంగా అనిపించిన బరువైన క్లబ్ మైదానంలో మట్టి తవ్వడం నేను చాలాసార్లు చూశాను. కనీసం చివరి పది బంతులైనా గడ్డి మీద కొట్టి చూసిగానీ డబ్బు ఇవ్వకండి. రెండోది బంతి. రేంజ్ బంతులు అరిగిపోయి మామూలు బంతి కంటే తక్కువ దూరం పోతాయి. వాటితో ఒక క్లబ్‌ను మరో క్లబ్‌తో పోల్చవచ్చుగానీ, మీ అసలు దూరం అదేనని రాసుకోకూడదు.

క్లబ్ మీది అంకెను కూడా నమ్మకండి. పాత సెట్లలో సెవెన్ ఐరన్ లాఫ్ట్ 34, 35 డిగ్రీలు ఉండేది. ఇప్పటి దూరం సెట్లలో అదే ఏడు అంకె వేసిన క్లబ్ 28, 29 డిగ్రీలు కూడా ఉంటోంది, అంటే అది పాత లెక్కలో ఫైవ్ ఐరన్‌కు దగ్గర. మీ పాత సెవెన్ 130 పోతే కొత్త సెవెన్ 145 పోయిందని సంబరపడేముందు లాఫ్ట్ ఎంతో అడగండి. ఆ తేడా మిగతా సెట్‌లోనూ వస్తుంది. అలాంటి సెట్లో పిచింగ్ వెడ్జ్ 43 డిగ్రీలు ఉండి, మీ దగ్గర శాండ్ వెడ్జ్ 56 ఉంటే, మధ్యలో 13 డిగ్రీల ఖాళీ మిగిలి, 80, 90 గజాల దగ్గర కొట్టడానికి క్లబ్ లేకుండా పోతుంది. 49, 50 డిగ్రీల గ్యాప్ వెడ్జ్ అదనంగా కొనాలి.

ఐరన్ తల విషయంలో మీకు అంచుల్లో బరువు పెట్టిన క్యావిటీ బ్యాక్ తప్ప వేరేది అక్కర్లేదు. ఇంజినీరుగా నాకు ఇష్టమైన కథ ఇది: జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ అనే ఇంజినీరు బంతిని గుంటలోకి దొర్లించే పటింగ్ తనకు కుదరక, 1959లో ఇంటి గ్యారేజీలో బరువును రెండు చివరలకూ జరిపి ఒక పటర్ చేశాడు. బంతి మధ్యలో తగలకపోయినా తల తక్కువగా తిరుగుతుందన్నది ఆయన ఆలోచన. కొట్టినప్పుడు వచ్చే శబ్దం పేరే దానికి పెట్టాడు, పింగ్ కంపెనీ అలా పుట్టింది. ఆ సూత్రమే తరువాత ఐరన్లకూ వచ్చింది. మీ 20 గుర్తుల్లో ఎన్ని మధ్యకు బయట పడ్డాయో లెక్కపెట్టుకుంటే ఆ సూత్రం విలువ మీకే తెలుస్తుంది. మనిషిని బట్టి లై కోణం మార్చి, దానికి రంగు చుక్క పెట్టే అలవాటు కూడా ఆ కంపెనీదే. నల్ల చుక్క అంటే మామూలు లై.

వెడ్జ్ కొనేటప్పుడు మన నేలను గుర్తుంచుకోండి. పాలమూరు, నల్లగొండ చెల్క నేలలు వానలు పోయాక రాయిలా గట్టిపడతాయి. మీరు ఇంటి దగ్గర పొలంలో ప్రాక్టీస్ చేస్తానని కూడా రాశారు. క్లబ్ అడుగున ఉండే ఉబ్బును బౌన్స్ అంటారు. అది 12, 14 డిగ్రీలుంటే మెత్తటి ఇసుకలో, తడి నేలలో బాగా పనిచేస్తుందిగానీ, గట్టి నేల మీద తగలగానే ఎగిరి, అంచు బంతి నడుముకు తాకుతుంది. 6 నుంచి 9 డిగ్రీల మధ్య బౌన్స్ మీకు రెండుచోట్లా సర్దుకుపోతుంది.

గ్రిప్ లావుకు పరీక్ష సులువు. ఎడమచేత్తో క్లబ్ పట్టుకున్నప్పుడు నడిమి రెండు వేళ్ల కొనలు అరచేతి కండను కాస్త తాకాలి. గుచ్చుకుంటే గ్రిప్ సన్నం, తాకకుండా ఖాళీ ఉంటే లావు. లావు గ్రిప్‌తో మణికట్లు తిరగక బంతి కుడికి పోవచ్చు గనుక, మీ పాత సెట్‌లో దీన్ని ఈ రోజే చూడండి, ఇది కొన్ని వందల రూపాయల్లో తీరిపోయే సమస్య. వేసవిలో క్లబ్బులను కారు డిక్కీలో వదిలేయకండి. రబ్బరు గట్టిపడి జారుతుంది, తలనూ షాఫ్ట్‌నూ పట్టి ఉంచే జిగురు కూడా ఆ వేడికి బలహీనపడుతుంది.

డ్రైవర్‌కు రెండే మాటలు. నియమాలు తల పరిమాణాన్ని 460 సీసీకి, పొడవును 48 అంగుళాలకు పరిమితం చేశాయి. దుకాణాల్లో దొరికేవి 45.5 అంగుళాలకు అటూ ఇటూ ఉంటాయి. మీ ఎత్తుకు 44.5 చాలు, అంగుళం కిందికి పట్టుకుని కొట్టి మీరే చూడండి. లాఫ్ట్ 10.5కు తగ్గనివ్వకండి, మీ వేగానికి 12 డిగ్రీలే ఎక్కువ దూరం ఇచ్చినా నాకు ఆశ్చర్యం ఉండదు. పటర్‌ను వేలి మీద అడ్డంగా నిలబెట్టి చూడండి. ముఖం ఆకాశంవైపు తిరిగితే సూటిగా వెనక్కి, సూటిగా ముందుకు కదిపేవారికి, కొన కిందికి వేలాడితే విల్లులా తిప్పి కొట్టేవారికి అది నప్పుతుంది.

ఇక మీ బావమరిదికి ఏం చెప్పాలి? అక్కడి దుకాణంలో ఆయన కొట్టి చూసి తెస్తే అది ఆయనకు సరిపడే సెట్ అవుతుంది, మీకు కాదు. ముందుగా చెప్పులు లేకుండా ఒకసారి, మీరు ఆడే బూట్లతో మరోసారి నిటారుగా నిలబడి, చేతులు వదులుగా వేలాడదీసి, మణికట్టు మడత నుంచి నేలకు ఉన్న ఎత్తును ఇంట్లోవాళ్లతో టేపు పెట్టి కొలిపించుకోండి. రెండు కొలతలూ రాసుకోండి, బూట్లతో వచ్చినదాన్ని లెక్కకు తీసుకోండి. అది 34 నుంచి 37 అంగుళాల మధ్య ఉంటే సాధారణ పట్టికల ప్రకారం మామూలు పొడవు సరిపోతుంది, తక్కువైతే పావు నుంచి అర అంగుళం తగ్గించి చూడాలి. ఆ తరువాత హైదరాబాద్‌లో రెండు వారాల్లో రెండుసార్లు పరీక్ష చేసుకుని, పొడవు, లై, సెవెన్ ఐరన్ లాఫ్ట్, షాఫ్ట్ పేరు, బరువు, గ్రిప్ లావు ఈ ఆరు సంగతులూ కాగితం మీద రాసి ఆయనకు పంపండి. పెద్ద కంపెనీలు ఈ వివరాలతో ఆర్డర్ ఇస్తే అలాగే తయారుచేసి ఇస్తాయి. దానికి కొన్ని వారాలు పడుతుంది గనుక దసరా దాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టండి. ఒక ఆట సంచిలో 14 క్లబ్బుల దాకా పెట్టుకోవచ్చని నియమం ఉన్నా, మీకు ఈ ఏడాదికి డ్రైవర్, ఫైవ్ వుడ్, వుడ్‌కూ ఐరన్‌కూ మధ్యరకమైన ఒక హైబ్రిడ్, ఆరు నుంచి తొమ్మిది వరకు ఐరన్లు, రెండు మూడు వెడ్జ్‌లు, పటర్ చాలు.

ఇంకా కొనకముందే నాకు మూడు విషయాలు రాయండి: మణికట్టు కొలత, బంతి ఏ దిక్కుకు బయలుదేరి ఎటు వంగుతోందన్నది, మార్కర్ పూసి కొట్టిన 20 బంతుల ఫొటోలు. బాగా తగిలినవి మాత్రమే ఏరి పంపకండి, వరుసగా ఎలా పడితే అలాగే పంపండి.